మట్టిపెట్టెలో బూజు

తెలుగున బూజు అను మాట రెండు వస్తువులకు పేరు. ఇంటి దూలములకును గోడ మూలలకును వ్రేలాడు సాలెగూళ్ల మసి ఒకటి. తడిసిన రొట్టెమీదను, మూత సరిగా పెట్టని ఊరగాయమీదను పుట్టు తెల్లని నూగు రెండవది. మొదటిదానిని పండుగకు ముందు పొడవైన కఱ్ఱకు చీపురు కట్టి దులిపివేయుదుము. రెండవదానిని గూడ అట్లే దులిపివేయవచ్చునని మనము భ్రమించుటకు ఈ ఒక్క మాటయే కొంత కారణమేమో యని మాకు తోచుచుండును. ఆ రెండవ బూజు దులిపినచో పోవునది కాదు. పైకి కనబడునది దాని పూత మాత్రమే. వేరువంటి భాగమంతయు లోపల నుండును.

ఈ భేదమును మేము కళాశాలలో చదివియే యుంటిమి. అయినను మా యింట ఒక చిన్న జంతువును పెంచిన పిమ్మటనే అది మాకు అనుభవమునకు వచ్చినది. వానకాలమున శ్రోతల ఉత్తరములలో ఇట్టి ప్రశ్నయే తరచుగా కనబడుచుండుటచేత, మేము చేసిన తప్పులను గూడ దాచక ఈ సంగతిని ఇచ్చట వివరింపదలచితిమి.

ఇటీవలి యేండ్లలో మన పట్టణములందు, ముఖ్యముగా అంతస్తుల మేడలలో కాపురముండు కుటుంబములలో, చిన్న జంతువులను పెంచుట హెచ్చినది. కుక్కకు చోటు చాలదు. పిల్లికి పెద్దలు ఒప్పుకొనరు. అందుచేత పిల్లల కోరికను కుందేలుతోనో, గినీపందితోనో, హామ్‌స్టర్ అను బుగ్గసంచుల యెలుకతోనో తీర్చుచున్నారు. వీనిలో గినీపంది నేలను త్రవ్వు జంతువు కాదు. కుందేలును హామ్‌స్టరును మాత్రము త్రవ్వక యుండలేవు. ఇనుపకమ్ముల పంజరమున, రేకు పళ్లెము మీద నివసించు ప్రాణికి త్రవ్వుటకు ఏమున్నది? ఈ లోపమును తీర్చుటకై ఒక పెద్ద తొట్టిలో మట్టి, ఇసుక, కొబ్బరిపీచు పొట్టు కలిపి నింపి, ఒక ప్రక్కన గోధుమ నారో గరికయో పెంచి, ఆ జంతువును అందులో విడుచు పద్ధతి ఏర్పడినది. దీనినే మేమిచ్చట మట్టిపెట్టె యనుచున్నాము.

ఇది కేవలము ఆటవస్తువు కాదు. మన యిండ్లలో పెరుగు బంగారువన్నె హామ్‌స్టర్ల పూర్వులు సిరియా దేశపు అలెప్పో ప్రాంతమునుండి వచ్చినవి. 1930లో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమునకు చెందిన జంతుశాస్త్రజ్ఞుడు ఇజ్రాయెల్ అహరోనీ అచ్చటి యొక పొలమును త్రవ్వించి, ఒక తల్లిని, దాని పదునొకండు పిల్లలను పట్టుకొనెను. కాలా అజార్ వంటి వ్యాధులపై పరిశోధన చేయుచుండిన సాల్ ఆడ్లర్ అను శాస్త్రజ్ఞునికి అట్టి జంతువులు కావలసి యుండెను. ఆ సంసారమున బ్రదికిన కొలదిపాటి జంతువులనుండియే ప్రయోగశాలలలోని హామ్‌స్టర్లును, పిమ్మట ఇండ్లలోనివియు విస్తరించినవి. 2001లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, సిరియా ఉత్తర భాగమునందలి పొలాలలో ఇప్పటికిని స్వేచ్ఛగా నున్న హామ్‌స్టర్ల కన్నములను కొలిచిరి. వాని లోతు 36 సెంటీమీటర్లు మొదలు 106 సెంటీమీటర్ల వఱకు ఉండెను. అంతటి లోతున ఇల్లు కట్టుకొను జంతువునకు నాలుగంగుళముల పొట్టు పఱచిన పంజరము ఇల్లెట్లగును?

మా అమ్మాయికి పదియేండ్లు. దాని పుట్టినరోజునకు ఒక హామ్‌స్టరును తెచ్చితిమి. దానికై ఆషాఢమాసమున ఒక గాజుతొట్టిని మట్టిపెట్టెగా సిద్ధపఱచితిమి. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45, మట్టి లోతు 30. ఒక ప్రక్కన గోధుమలు చల్లితిమి. జంతువు పైకెక్కి పాఱిపోవునేమోయని తొట్టిపైన గాజుపలక మూసి, గాలికై సన్నని సందు మాత్రమే విడిచితిమి. నాలుగు దినములలో నారు పచ్చగా లేచినది. తొమ్మిదవనాటికి నారు మొదళ్లచుట్టు తెల్లని దూది పఱచినట్లు బూజు పట్టినది. పండ్రెండవనాటికి మట్టిలోపల, గాజుకు ఆనుకొనియున్న సొరంగపు గోడమీద ఆకుపచ్చని మచ్చలు కనబడినవి. హామ్‌స్టరు ఒకటి రెండు మాఱులు తుమ్మినది. ఇంటిలో కలవరము ప్రారంభమైనది.

ఇచ్చట బూజు స్వభావమును కొంత చెప్పవలెను. బూజులు శిలీంధ్రజాతికి చెందినవి. మొక్కలవలె సూర్యకాంతితో ఆహారమును తయారుచేసికొనలేవు. సన్నని పోగులుగా ఆహారములోనికి ప్రాకి, జీర్ణరసములను వెలికి విడిచి, బయటనే జీర్ణము చేసి, కరగినదానిని పీల్చుకొనును. రాలిన ఆకు, చచ్చిన వేరు, కొబ్బరిపీచు, కఱ్ఱముక్క, గింజ, ఇవన్నియు వానికి భోజనమే. పోగులు బలిసిన పిమ్మట పైకి కాడలనెత్తి లెక్కకు మిక్కిలిగా సిద్ధబీజములను విడుచును. మనకు పచ్చగానో నల్లగానో కనబడు రంగు ఆ బీజములదే. అవి గాలిలో సర్వత్ర ఉన్నవి. ఈ వ్యాసము చదువుచున్నవారి గదిలోను ఉన్నవి. కావున ఇంటిలోనికి బూజును రానీయకుండుట మానవసాధ్యము కాదు.

మఱి అన్నిచోట్లను బూజు పట్టదేమి? తడి చాలకపోవుటచేత. మన వంటయింటిలో ఇది తరతరములుగా తెలిసిన సంగతియే. ఆవకాయ జాడీలో తడిచేయి పెట్టనీయరు. ఉప్పు తగ్గనీయరు. ముక్కలపైన నూనె నిలువవలెననుదురు. ఉప్పు తేమను బూజునకు అందనీయదు. నూనె గాలిని అందనీయదు. బీజములు ఆ వంటయింటి గాలిలో లేకపోలేదు. వానికి మొలకెత్తు వీలు మాత్రము లేదు. తడి, గాలి కదలక నిలిచిపోవుట, సులభముగా జీర్ణమగు ఆహారము, ఈ మూడును ఒకచోట కూడినప్పుడు బూజు పుట్టును. వానకాలమున మన ప్రాంతపు గాలిలో తేమ నూటికి 80 పాళ్లు మించుట సాధారణము. మూతపెట్టిన గాజుతొట్టిలో అది ఇంకను అధికము. మేము మొదట ఈ సంగతిని ఆలోచింపలేదు.

మేము చేసినది వేఱు. బూజును చంపవలెననుకొంటిమి. హామ్‌స్టరును పాత పంజరములోనికి మార్చి, మట్టినంతయు పైకి తీసి, ఇసుకలో వేరుసెనగలు వేయించునట్లు ఇనుప మూకుడులో విడతలు విడతలుగా వేయించితిమి. ఇల్లంతయు మాడువాసన నిండినది. చల్లారిన మట్టిని మరల నింపి, నీరు చల్లి, గోధుమలు నాటి, జయించితిమని తలచితిమి. ఐదవనాటికి మునుపటికంటె దట్టముగా బూజు పట్టినది!

ఇది దురదృష్టము కాదు, ప్రకృతి ధర్మమే. పిడికెడు తోటమట్టిలో బాక్టీరియా, శిలీంధ్రములు, కంటికి కనబడని క్రిములు కోట్లకొలది ఉండును. అవి తమలో తాము ఆహారమునకై పోటీపడుచు, ఒకదానినొకటి తినుచు, ఏ యొక్కదానిని మితిమీఱనీయవు. ఆ మట్టిని వేయించినచో ఈ సంఘమంతయు నశించును. చచ్చిన ప్రాణులు ఆహారమై మిగులును. గాలినుండి మొదట వచ్చి పడిన బూజుబీజమునకు ఎదురులేని రాజ్యము దొరకును. ఆవిరిపట్టిన మట్టిమీదను, అడవులు కాలిన చోటులందును ముందుగా వ్యాపించు పైరోనిమా అను నారింజవన్నె శిలీంధ్రము ఇందులకు నిదర్శనము. మేము మట్టిని శుద్ధి చేసితిమని సంతోషించితిమి గాని, నిజమునకు దానికి కాపలావారిని లేకుండ చేసితిమి.

ఆ కాపలావారిలో ఒక జాతి మన తెలుగువారికి ప్రత్యేకముగా స్మరణీయము. తొలకరి చినుకు పడినప్పుడు వచ్చు మట్టివాసన ముఖ్యముగా స్ట్రెప్టోమైసిస్ అను బాక్టీరియా పుట్టించునది. ఈ జాతియే ఇతర సూక్ష్మజీవులను అణచు మందులనేకములకు పుట్టినిల్లు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా, 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్ అను ఔషధము మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి వచ్చిన ఇట్టి జీవిదే. మన పనికి ఇందుండి తీసికొనదగినది చిన్న సూత్రము. పెట్టెలోని మట్టి తొలకరివాసన కొట్టుచున్నచో ఆరోగ్యముగా నున్నదని తలపవచ్చును. మూసియుంచిన పాత బట్టల పెట్టెవలె ముక్క వాసన గాని, కుళ్లువాసన గాని వచ్చుచున్నచో గాలియాడక తడి నిలిచియున్నదన్నమాట.

రెండవసారి ఓడిన పిమ్మట, మట్టిపెట్టెయే వలదని నిశ్చయించి, హామ్‌స్టరును పాత పంజరములోనే ఉంచితిమి. ఆ రాత్రినుండి అది కమ్ములను కొఱుకుట మొదలిడెను. అర్ధరాత్రి మొదలు తెల్లవాఱువఱకు ఆ చప్పుడు. మూలకు పోయి రేకును ముంగాళ్లతో గీకుచుండెను. "మట్టి లేదని దానికి తెలియడం లేదు నాన్నా, ఇంకా తవ్వుతూనే ఉంది" అని మా అమ్మాయి యన్నది. మేము బదులు చెప్పలేకపోతిమి. స్విట్జర్లాండులోని బెర్ను నగరమున శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన యొకటి 2006లో ప్రకటితమైనది. వారు హామ్‌స్టర్లను 10, 40, 80 సెంటీమీటర్ల లోతుగల పొట్టుమీద పెంచి చూచిరి. 10 సెంటీమీటర్ల లోతున పెరిగినవి ఇనుపకమ్ములను ఎక్కువగా కొఱికెను. లోతుగా పొట్టున్నచోట అవి కన్నములు త్రవ్వి వానిలో నివసించెను. బూజు భయముచేత మట్టిని తీసివేయుట రోగమునకు వెఱచి భోజనమును మానిపించుట వంటిదని మాకు అప్పుడు బోధపడెను.

చిక్కు విడినది మా తల్లిగారి ప్రశ్నతో. ఆమె తొట్టిని ఒకమాఱు చూచి, "రోజూ నీళ్లెవరు పోస్తున్నారురా?" అని అడిగిరి. లెక్క చూడగా, నారు వాడునేమోయని మా అమ్మాయి బడికి పోవుటకు ముందొక గ్లాసు పోయుచుండెను. సాయంకాలము ఇంటియామె మఱియొక గ్లాసు. రాత్రి కచేరినుండి వచ్చి మేము ఇంకొకటి. ఒకరు పోయునది మఱియొకరికి తెలియదు. మూడు గ్లాసుల నీరు ప్రతిదినము రంధ్రము లేని గాజుతొట్టిలోనికి పోవుచుండెను. అడుగున గులకరాళ్లు పఱచితిమి గదా, నీరు దిగిపోవునని మా ధీమా. అదియు తప్పే. నీరు బయటికి పోవు మార్గము లేనప్పుడు గులకరాళ్లు చేయునది ఏమియు లేదు. పైగా మెత్తని మట్టి తాను పూర్తిగా తడిసి నిండినగాని దిగువనున్న రాళ్లసందులకు నీటిని విడువదు.

కావున బూజు కనబడినపుడు మొదట వెదకవలసినది తడి. మన రైతులకు పదును అను చక్కని మాట యున్నది. దున్నుటకు తగినంత చెమ్మ యని దాని భావము. మట్టిపెట్టెకును అదియే కొలత. పిడికెడు మట్టిని తీసి గట్టిగా నొక్కవలెను. వ్రేళ్లసందున నీరు కాఱినచో తడి మితిమీఱినది. ముద్దయై నిలిచి, వ్రేలితో తాకగానే విరిగినచో అది మొక్కలున్న ప్రక్కకు తగిన పదును. జంతువు పడుకొను ప్రక్కన అంత చెమ్మయు అక్కఱలేదు. అలెప్పో ప్రాంతమున ఏడాదికి పడు వాన మన అనంతపురమున పడుదానికంటెను తక్కువ. అట్టి నేలకు అలవాటుపడిన ప్రాణిని బురదలో నిద్రింపజేయరాదు.

పెట్టెను మూడు పాళ్లు చేసి, ఒక పాలు మాత్రమే మొక్కలకు విడుచుట మేలు. ఆ మొక్కలను గూడ నేరుగా మట్టిలో చల్లక, చిన్న మట్టికుండీలలో పెంచి, కుండీల అంచు పైకి వచ్చునట్లు పాతవలెను. నీరు కుండీలోనే పోయవలెను. కుండీని పైకెత్తి, ఒక పళ్లెములో నీటియందుంచి, నీరు కాఱుట నిలిచిన పిమ్మట మరల పాతుట ఇంకను మంచిది. అప్పుడు తడి వేళ్లవద్ద ఉండునుగాని పెట్టెయంతయు వ్యాపింపదు. నీరు పోయు బాధ్యత ఇంటిలో ఒక్కరికే ఉండవలెను. పైన గాజుపలకకు బదులు ఇనుపజల్లెడ బిగించినచో గాలి తిరుగును. పెట్టెను వెలుతురున్నచోట ఉంచవలెనుగాని ఎండ నేరుగా గాజుమీద పడనీయరాదు. గాజు వెనుక ఎండ కొలదిసేపటిలోనే చిన్న ప్రాణిని చంపగలదు.

ఏ మొక్కలు పెంచవలెనన్న, గోధుమ నారు, గరిక, కొత్తిమీర చాలును. జొన్న మాత్రము వలదు. లేత జొన్న పైరు మేసిన పశువు పడిపోవుట మన పల్లెలలో ఎఱిగిన విషయమే; ఆ మొలకలో సయనైడు విషము పుట్టును. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్తల ఛాయకు గూడ పోరాదు. బజారున దొరకు ఎరువు కలిపిన కుండీమట్టియు పనికిరాదు.

తెల్లగా కనబడినదెల్ల బూజు కాదని గూడ తెలిసికొనవలెను. మొలకెత్తిన గోధుమల తొలివేళ్లచుట్టు సన్నని నూగు వచ్చును. అవి వేరు నూగులు. నీరు చిలకరింపగానే అణగి కంటికి కనబడకపోవును. బూజైనచో గింజకును గింజకును నడుమ సాలెపట్టువలె వ్యాపించి, నీరు చల్లినను నిలుచును. కుండీ అంచున తెల్లగా పేరుకొను పొర చాలవఱకు నీటిలోని లవణము, గీకినచో గరగరలాడును. క్రొత్త కొబ్బరిపొట్టుమీదను, కఱ్ఱముక్కమీదను మొదటి రెండు మూడు వారములలో పుట్టు తెల్లని దూది నిజముగా బూజే. అయినను సులభముగా జీర్ణమగు పదార్థము అయిపోగానే అది తానై తగ్గిపోవుట పరిపాటి. దానిని చెంచాతో తీసివేసి, నీరు తగ్గించి, వేచియుండిన చాలును. వానకాలపు పూలకుండీల క్రింద చిటికవేసినట్లు ఎగురు తెల్లని నలుసుపురుగులు కనబడుచుండును. వీనిని స్ప్రింగ్‌టెయిల్ అందురు. ఇవి బూజుపోగులనే తిని బ్రదుకునవి; ఎవరిని కఱవవు. చెమ్మగానున్న మొక్కల ప్రక్కన అవి చేరినచో సంతోషింపవలెను. పసుపుపచ్చని చిన్న గొడుగులు కుండీలో లేచినచో మాత్రము వెంటనే తీసివేయవలెను. అవి తినుటకు యోగ్యములు కావు.

రంగుగల బూజులపట్ల ఇంత నెమ్మది పనికిరాదు. రొట్టె, కాయగూర ముక్కలమీద బూడిదవన్నె నూగు, దానిపై గుండుసూది తలలవంటి నల్లని చుక్కలు, ఉల్లిపొరమీద మనము చూచు నల్లనిపొడి, నీలిపచ్చని మచ్చలు, ఇవి సామాన్యముగా మిగిలిపోయిన ఆహారముమీద పుట్టును. హామ్‌స్టరు పేరే దాచుకొనుటకు సంబంధించినది; జర్మను భాషలో దాచిపెట్టుటకు ఈ జంతువు పేరే క్రియయైనది. అది బుగ్గసంచులలో నింపుకొని పోయి, మట్టిలోపల కొట్టు కట్టును. మా పెట్టెను జాగ్రత్తగా త్రవ్వి చూడగా, ఆకుపచ్చని మచ్చల వెనుక ఆ కొట్టు బయటపడినది. తడిసిన నారు వేళ్లకు ఆనుకొని గుప్పెడు వేరుసెనగ గింజలు, కుళ్లిన దోసకాయ ముక్కలు మూడు. గింజలపై పసుపు కలిసిన పచ్చని పొడి.

ఈ పసుపుపచ్చని బూజు విషయమున ఉపేక్ష కూడదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణము తెలియక చచ్చెను. పరిశోధింపగా, బ్రెజిల్ దేశమునుండి వచ్చిన వేరుసెనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించిన విషము కనబడినది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. కాలేయమునకు అది ఘోరమైన శత్రువు. 1974లో గుజరాతు, రాజస్థానముల సరిహద్దు జిల్లాలలో, అకాలపు వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటనను పరిశీలించినవారిలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారును ఉండిరి. ఈ విషము మామూలు వంటవేడికి నశింపదు. బూజును తుడిచినంతమాత్రమున గింజనుండి పోదు. అన్ని పచ్చబూజులును ఇట్టివి కావు గాని, కంటితో చూచి నిశ్చయించుట సాధ్యము కాదు. కావున బూజుపట్టిన గింజను కడిగి, ఎండబెట్టి మరల జంతువునకు వేయుట మహాపరాధము. నూరు గ్రాముల తూకము గల ప్రాణికి మన చిటికెడు పెద్ద మోతాదగును.

అయితే కొట్టునంతయు ఒక్కసారి దోచివేయరాదు. దాచుకొన్నది మాయమైనచో ఆ జంతువు కలతపడి రాత్రులెల్ల వెదకును. తడిసినవానిని, బూజుపట్టినవానిని, వానిచుట్టునున్న మట్టిని తీసివేసి, అంతకు సరిపడు ఎండుగింజలను ఆచోటనే విడువవలెను. దోస, కారట్టు వంటి పచ్చివానిని గోరంత ముక్కలు చేసి, ఒక చదునైన రాతిమీదనుంచి, తినక విడిచినదానిని ఆ పూటయే తీసివేయవలెను. మూత్రము పోయు మూలను గుర్తించి, అచ్చట ఇసుకగిన్నె నుంచి తఱచుగా మార్చుట మంచిది.

మందుల మాట. బూజు అనగానే మా యిరుగుపొరుగువారు ఒకరు మైలుతుత్తము చల్లుమనిరి, ఒకరు బ్లీచింగు పొడి యనిరి, ఒకరు సాంబ్రాణి పొగ వేయుమనిరి. అందఱును మా మేలు కోరినవారే. మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమము 1885 నాటినుండి ద్రాక్షతోటలను కాపాడుచున్న మాట నిజము. కాని ద్రాక్షతీగ తన కాళ్లను నాకుకొనదు. మట్టిలో త్రవ్వి, మట్టియంటిన కాళ్లతో మొగము తుడుచుకొని, మట్టిలోని గింజను బుగ్గన పెట్టుకొను ప్రాణికి ఏ మందు చల్లినను అది మందును తినుటయే యగును. మూత్రమునందలి అమ్మోనియాతో బ్లీచింగు కలిసినచో విషవాయువు పుట్టును. పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు తగదు. ఖాళీచేసిన తొట్టిని వేడినీటితో కడిగి, ఎండలో ఆరబెట్టిన చాలును.

బూజు తీయునపుడు జంతువును వేఱొక గదికి మార్చి, పెట్టెను బయటికి తెచ్చి, బీజములు లేవకుండ బూజుమీద కొంచెము నీరు చిలకరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొని తీయవలెను. ఉబ్బసమున్నవారును, పసిపిల్లలును దూరముగా నుండవలెను. తీసిన మూడు నాలుగు దినములలో మరల రంగుబూజు వచ్చినను, గూటిలోనికి తడి చేరినను, ముక్కవాసన పోకున్నను మట్టి మార్చుటయే శరణ్యము. అంతకు మించినది కానిచో మూడవవంతు మాత్రము మార్చి, తక్కిన పాతమట్టిని నిలుపవలెను. పాతమట్టిలోని జీవులు క్రొత్తమట్టిలోనికి ప్రాకి కాపు కాయును.

జంతువు వరుసగా తుమ్ముచున్నను, ఊపిరికి ప్రక్కలెగురవేయుచున్నను, కన్నులనుండి నీరు కాఱుచున్నను, తిండి మానినను పశువైద్యుని చూపింపక తప్పదు. మట్టిపెట్టె సంగతి ఆయనకు తప్పక చెప్పవలెను. చర్మముపై గుండ్రముగా వెండ్రుకలు రాలి పొట్టు లేచుచున్నచో అది మట్టిబూజు కాదు, తామర కావచ్చును. కుందేళ్లనుండియు గినీపందులనుండియు అది పిల్లల చేతులకంటును. రెండింటిని ఒకటిగా తలచి, మట్టిని మార్చి ఊరకుండుట ప్రమాదకరము.

మా పెట్టెను మూడవసారి కట్టితిమి. వేయింపని తోటమట్టి, ఇసుక, పొట్టు, నాలుగు మట్టికుండీలు, పైన ఇనుపజల్లెడ. నీరు పోయునది మా అమ్మాయి యొక్కతెయే. గోడమీది పంచాంగమున ఆ దినమునకు ఎదురుగా చుక్క పెట్టి పోయును. చుక్కయున్నచో మఱియెవ్వరును పోయరాదు. ఒక కుండీ ప్రక్కన తెల్లని నూగు ఒకటి రెండు మాఱులు కనబడి, తానై పోయినది. హామ్‌స్టరు తుమ్ముట మానినది. అది పగలంతయు మట్టిలో ఎచ్చటనో నిద్రించును. రాత్రి పదిగంటల వార్తలు ముగియు వేళకు మట్టి ఒకచోట కదలి, పెల్లలు దొర్లి, ముక్కు ఒకటి పైకి వచ్చును. కమ్ములు కొఱుకు చప్పుడు మా యింట మరల వినబడలేదు.